స్టెర్న్ డ్రైవ్ మొరాయిస్తే: బాగు చేయించాలా, మార్చాలా, వదిలించుకోవాలా?

మా పడవ వెనుక నుంచి తిరగలిలో గులకరాళ్లు వేసినట్టు శబ్దం మొదలైన వారానికి, వర్క్‌షాపు మెకానిక్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "డ్రైవ్ పోయింది. కొత్తది వేసుకోండి." ఆయన చెప్పిన ఖర్చు మేము ఆ పడవను కొన్న ధరలో దాదాపు సగం. మేము అంటే డాలస్ శివార్లలో ఉండే మూడు తెలుగు కుటుంబాలం. పడవ 2004 నాటిది, 19 అడుగులది. లోపల 4.3 లీటర్ల వీ6 ఇంజను, వెనుక మెర్‌క్రూజర్ కంపెనీ ఆల్ఫా వన్ డ్రైవ్, అంటే ఇంజను శక్తిని ప్రొపెల్లరుకు అందించే బయటి భాగం. ఇలా ఇంజను లోపల, డ్రైవ్ బయట ఉండే ఏర్పాటునే స్టెర్న్ డ్రైవ్ అంటారు. డబ్బు సర్దుకునేలోపు, ఎందుకైనా మంచిదని డ్రైవ్‌ను మేమే ఊడదీసి చూశాం. అందులో ఏ లోపమూ లేదు. దాని ముందు, పడవ వెనుక గోడలో కూర్చునే గింబల్ బేరింగ్ తుప్పు పట్టి గరగరమంటోంది. దానికి నీళ్లు తగలకుండా కాపాడే రబ్బరు తొడుగుకు వేలెడు చీలిక ఉంది. బేరింగు, రబ్బరు తొడుగు, ఒక శనివారం, సగం ఆదివారం. అంతటితో శబ్దం పోయింది.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లబోయాం. అప్పటి నుంచి పాత పడవ కొన్న ప్రతి మిత్రుడికీ నేను చెప్పే మాట ఒక్కటే. స్టెర్న్ డ్రైవ్ విషయంలో "బాగు చేయించాలా, మార్చాలా" అనేది రెండో ప్రశ్న. తప్పు బయటి డ్రైవ్‌లో ఉందా, మధ్యలో గోడ దగ్గర ఉందా, లోపల ఇంజనులో ఉందా అనేది మొదటిది. దానికి జవాబు తెలియకుండా రెండోదానికి డబ్బు కట్టకండి.

మూడు చోట్లు

పాపికొండల లాంచీ ఎక్కినవారికి తెలుసు, అందులో ఇంజను, షాఫ్టు, ప్రొపెల్లరు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. స్టెర్న్ డ్రైవ్ అలా కాదు. కారు ఇంజను లాంటి ఇంజను పడవ లోపల చివర ఉంటుంది. ట్రాన్సమ్ అనే వెనుక గోడకు చేసిన రంధ్రం గుండా శక్తి బయటికి వస్తుంది. అక్కడ ఒక జత గేర్ల మీద కిందికి మలుపు తిరిగి, అడుగున మరో జత గేర్ల మీద మళ్లీ వెనక్కి తిరిగి ప్రొపెల్లరుకు చేరుతుంది. పైగా ఆ బయటి భాగమంతా చుక్కానిలా కుడి ఎడమలకు తిరగాలి, పైకీ కిందికీ లేవాలి. ఇన్ని కదలికల మధ్య నీళ్లు లోపలికి రాకుండా ఆపేది బెలోస్ అనే ముడతల రబ్బరు తొడుగు. 1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో ఈ పద్ధతిని బజారుకు తెచ్చింది. రెండేళ్లకు మెర్‌క్రూజర్ వచ్చింది. ఇన్నేళ్లలో ఎంతో మారినా, యజమానికి నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇప్పటికీ ఆ రబ్బరే.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ముందుగా అడగవలసింది గేర్ ఆయిల్‌ను. పడవను ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున డ్రైవ్ అడుగున ఉన్న స్క్రూను కొద్దిగా వదులు చేయండి. నీరు నూనె కన్నా బరువు కాబట్టి లోపల నీరుంటే ముందు అదే చుక్కలుగా దిగుతుంది. తరువాత స్క్రూను పూర్తిగా తీసి నూనె రంగు చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసిపోయాయి, ఎక్కడో ఒక సీలు వదిలేసింది. స్క్రూ చివరి అయస్కాంతానికి కాటుక లాంటి మెత్తటి పొడి అంటుకుంటే భయపడనక్కర లేదు, గేర్లు మామూలుగా అరిగినా అది వస్తుంది. వేళ్ల మధ్య గుచ్చుకునే రేకులు కనిపిస్తే మాత్రం ఒక పన్ను విరిగిందనో, ఒక బేరింగు చిట్లిందనో అర్థం. నూనె నల్లగా మారి మాడు వాసన వస్తే గేర్లు వేడెక్కి కాలాయి. నూనె శుభ్రంగా ఉండి శబ్దం వస్తోందంటే తప్పు డ్రైవ్‌లో కాక వేరేచోట ఉండే అవకాశమే ఎక్కువ. మా మెకానిక్ చేయని పని ఇదే. పది నిమిషాల పని.

శబ్దానికి మరో పరీక్ష ఉంది. నీటి గొట్టం బిగించి, ప్రొపెల్లర్ తీసేసి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ స్టీరింగ్‌ను కుడికీ ఎడమకీ తిప్పండి. తిప్పినప్పుడు గరగర హెచ్చుతగ్గులవుతుంటే అనుమానం గింబల్ బేరింగ్ మీదికి, దాని పక్కన, షాఫ్టు వంగి తిరగడానికి వీలిచ్చే యూ జాయింట్ల మీదికి పోవాలి. డ్రైవ్ ఊడదీశాక బేరింగును వేలితో తిప్పితే ఇసుక మీద తిప్పినట్టుంటే సంగతి తేలిపోయింది. నీళ్లు పెట్టకుండా ఇంజను మాత్రం ఒక్క క్షణం కూడా నడపవద్దు. చల్లటి నీటిని తోడే రబ్బరు ఇంపెల్లర్ ఆ కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

ఇంజను గీపెడుతున్నా పడవ కదలడం లేదా? వెంటనే గేర్లు పోయాయనుకోకండి. ప్రొపెల్లర్ మధ్యలో, షాఫ్టు పళ్లకీ రెక్కలకీ నడుమ ఒక రబ్బరు హబ్ ఉంటుంది. రాయికో మోడుకో తగిలినప్పుడు గేర్లను కాపాడటానికి అదే జారుతుంది. ఒకసారి జారాక ఎక్కువ వేగంలో పట్టదు. హబ్ మీద, రెక్కల మొదలు మీద ఒకే వరుసలో పెయింటు గీత గీసి పడవను కాసేపు నడిపించండి. గీత విడిపోతే ప్రొపెల్లరుకు హబ్ మార్పిస్తే చాలు. గీత కదలకపోతే ఇంజను వెనుక, దాన్ని డ్రైవ్ షాఫ్టుతో కలిపే కప్లర్‌ను అనుమానించాలి. అది జారితే కాలిన రబ్బరు వాసన వస్తుంది. కప్లర్ మార్చాలంటే ఇంజనును జరపాలి కాబట్టి అది చిన్న పని కాదు. అయినా దానికీ డ్రైవ్‌కూ సంబంధం లేదు.

వేడెక్కడంలోనూ ఒక తేడా గమనించండి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు వేడెక్కి, వేగంలో చల్లబడితే ఇంపెల్లర్ అరిగిపోయిందని అనుమానించాలి. నెమ్మదిలో బాగుండి వేగంలో వేడి ముల్లు ఎక్కుతుంటే ఎక్కడో నీటి దారి మూసుకుపోతోంది. డ్రైవ్ మీది నీటి చీలికల్లో నాచు, పాత ఇంపెల్లర్ ముక్కలు, తుప్పుతో పూడుకుపోయిన ఎగ్జాస్ట్ రైజర్లు (ఇంజను పొగ బయటికి పోయే గొట్టాలు), వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉంటే కొత్తది బిగించి ఊరుకోకూడదు. విరిగిన ముక్కలు ఎన్నో లెక్కపెట్టి, కూలర్‌లోనూ థర్మోస్టాట్ దగ్గరా వెతికి తీయాలి. ఒక్క ముక్క లోపల ఉండిపోయినా వచ్చే నెల మళ్లీ అదే బాధ.

ఆల్ఫా డ్రైవ్ యజమానులు ఎక్కువగా చెప్పే ఇంకో ఫిర్యాదు: ఒడ్డు దగ్గరికి వచ్చి గేరు నుంచి న్యూట్రల్‌కు తెస్తుంటే ఇంజను ఆగిపోతుంది. చాలామంది కార్బురేటర్ విప్పుతారు. అసలు దోషి తరచుగా డ్రైవ్‌లోకి వెళ్లే కింది షిఫ్ట్ కేబుల్. గేరు తప్పించేటప్పుడు పళ్ల మీద భారం తగ్గడానికి ఆల్ఫాలో ఒక స్విచ్చు ఇంజను నిప్పురవ్వను రెప్పపాటు ఆపుతుంది. కేబుల్ లోపలి తొడుగు ఉబ్బి బిగుసుకుంటే ఆ స్విచ్చు నొక్కుకునే ఉండిపోయి ఇంజను ఊపిరి తీస్తుంది. ఇంజను ఆపి, కేబుల్‌ను దాని చోటు నుంచి విడదీసి చేత్తో లాగి చూడండి. గట్టిగా కదిలితే కేబుల్ మార్చండి, స్విచ్చును సరిచేయబోకండి. ఆ కేబుల్ పైతొడుగు పగిలితే పడవలోకి నీళ్లు కూడా వస్తాయి.

డ్రైవ్‌ను పైకీ కిందికీ కదిపే ఏర్పాటు, అంటే ట్రిమ్ గురించి ఒక్క మాట. లివర్ మీది బటన్‌తో డ్రైవ్ పైకి లేవక, పడవను ట్రైలర్ ఎక్కించేటప్పుడు వాడే ట్రైలర్ బటన్ నొక్కితే లేస్తుంటే పంపు బాగానే ఉంది, డ్రైవ్ హద్దు దాటి లేవకుండా ఆపే లిమిట్ స్విచ్చు పోయింది. ట్రైలర్ బటన్ ఆ స్విచ్చును పట్టించుకోదు.

ఆల్ఫానా, బ్రావోనా, వోల్వోనా

ఇది పడవ కొనకముందు అడగవలసిన ప్రశ్న. కొన్నాక అడిగినా, ఏ పనికి ఎంత శ్రమ పడాలో తెలుస్తుంది.

ఆల్ఫా వన్ అమెరికా సరస్సుల మీద కనిపించే చిన్న పడవలకు సర్వసాధారణమైన డ్రైవ్. 1991 నుంచి వచ్చినవి రెండో తరానివి. రెండు తరాల కింది భాగాలు ఒకదానికొకటి సరిపోవని గుర్తుంచుకోండి. దీనికి 300 అశ్వశక్తి పైపరిమితి. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, చౌక. అందులోని ఒకే ఒక్క చిరాకు నీటి పంపు డ్రైవ్ లోపల ఉండటం. ఇంపెల్లర్ మార్చాలంటే డ్రైవ్ కింది సగాన్ని పై సగం నుంచి విడదీయాలి. రెండు మూడేళ్లకోసారి ఎలాగూ డ్రైవ్ మొత్తాన్ని దించి లోపల చూడాలి కాబట్టి అదీ మంచికే అని నా అభిప్రాయం. దించిన రోజే బెలోస్, బేరింగు, యూ జాయింట్లు అన్నీ కళ్లబడతాయి.

మెర్‌క్రూజర్‌దే మరో డ్రైవ్ అయిన బ్రావోలో నీటి పంపు ఇంజను మీద, బెల్టు మీద తిరుగుతూ ఉంటుంది. ఇంపెల్లర్ మార్చడానికి డ్రైవ్‌ను ముట్టుకోనవసరం లేదు. గేరు కూడా పై భాగంలోని శంకువు ఆకారపు క్లచ్‌తో మెత్తగా పడుతుంది. ఆల్ఫాలో పళ్ల క్లచ్ ఉంటుంది, కాబట్టి అక్కడ లివర్‌ను భయపడుతూ నెమ్మదిగా తోయకూడదు. టక్కున వేయాలి, లేకపోతే పళ్లు రాసుకుని అరుగుతాయి. బ్రావో పెద్ద వీ8లను తట్టుకుంటుంది. బ్రావో వన్ వేగానికి, టూ బరువైన పడవలకు. త్రీలో రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, పడవను రేవులో ఒడుపుగా తిప్పవచ్చు. అయితే బ్రావో భాగాల ధరలు ఆల్ఫాకు మించి ఉంటాయి. పంపు నీటిని దూరం నుంచి పీల్చుకోవాలి కనుక గొట్టంలో ఎక్కడ చిన్న సందు ఉన్నా పంపు గాలి పీల్చి ఇంజను వేడెక్కుతుంది. ఉప్పునీటిలో నిలిపి ఉంచే పడవకు బ్రావో త్రీ అయితే తుప్పు మీద రెండు కళ్లూ ఉంచాలి. పెద్ద స్టీలు ప్రొపెల్లర్లు రెండు పక్కనుంటే అల్యూమినియం ఒళ్లు త్వరగా తింటుంది.

వోల్వో పెంటా ఎస్ఎక్స్ నడకలో చక్కని డ్రైవ్. పంపు ఇంజను మీదే ఉంటుంది, గేరు మెత్తగా పడుతుంది. బెలోస్‌ను రెండేళ్లకోసారి మార్చమని కంపెనీ చెబుతుంది. మనలో చాలామంది చేయం, కానీ చేయాలి. నేను దాని జోలికి పోనిది ఒకే కారణంతో: మా చుట్టుపక్కల మెర్‌క్రూజర్ భాగం ఉదయం కావాలంటే సాయంత్రానికి దొరుకుతుంది, వోల్వో భాగం తెప్పించుకోవాలి, ధరా ఎక్కువ. మీ ఊళ్లో వోల్వో డీలర్ ఉంటే ఈ మాట పట్టించుకోకండి.

ఓఎంసీ కోబ్రా డ్రైవ్ ఉన్న పడవ చౌకగా కనిపిస్తే మాత్రం చేతులు జేబులోనే ఉంచుకోండి. 1986లో వచ్చిన ఆ డ్రైవ్‌ను తయారుచేసిన కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. భాగాల వేట మొదలయ్యాక పడవ మీద గడిపే సమయం కన్నా ఫోను మీద గడిపేదే ఎక్కువవుతుంది.

ఏ డ్రైవ్ అయినా కొనేముందు అడుగున ఉన్న స్కెగ్ రెక్కను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపండి. టకటకమని వదులుగా కదిలితే డ్రైవ్‌ను పట్టి ఉంచి పక్కలకు తిప్పే గింబల్ రింగు అరిగింది. డ్రైవ్‌ను పైకీ కిందికీ ఊపితే ట్రాన్సమ్ కూడా వంగుతోందంటే గోడలోని చెక్క కుళ్లింది. బేరం ముగించి ఇంటికి వెళ్లిపోండి.

సొంత చేతులా, మెకానిక్కా

గేర్ ఆయిల్ మార్పు సొంతంగానే చేసుకోవాలి. సీజను చివర, చలికి ముందు చేయాలి, వసంతంలో కాదు. లోపల నీరుంటే అది గడ్డకట్టి కవచాన్ని పగలగొట్టేది చలికాలంలోనే కదా. నూనెను ఎప్పుడూ కింది రంధ్రం నుంచి పైకి పంపుతో ఎక్కించాలి. పైనుంచి పోస్తే గాలి బుడగలు చిక్కుకుని నిండినట్టు భ్రమ కలిగిస్తాయి. స్క్రూల కింది వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయండి. పాతదే వాడి, ఆ తరువాత "నీళ్లెలా వచ్చాయో" అని ఆశ్చర్యపోయిన ఘనుడు మా ముగ్గురిలోనే ఉన్నాడు. ఆయన ఎవరో చెప్పను గాని, ఈ వ్యాసం రాస్తున్నది ఆయనే.

ప్రొపెల్లర్ విప్పి షాఫ్టు చూడటం కూడా ఇంటిపనే. చేపలు పట్టేవారు వదిలేసిన గాలపు దారం షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేస్తుంది. డ్రైవ్‌లోకి నీళ్లు రావడానికి అతి మామూలు కారణాల్లో ఇదొకటి. సీజనులో రెండుసార్లు విప్పి, దారం తీసి, గ్రీజు రాసి బిగించండి.

డ్రైవ్ దించి ఇంపెల్లర్, బెలోస్ మార్చడం ఓ మోస్తరు కష్టమైన పని. కారు బ్రేకులు సొంతంగా మార్చుకునేవారు చేయగలరు. ఆల్ఫాను దించేముందు లివర్‌ను ముందు గేరులో ఉంచాలి. ఆరు నట్లే ఉంటాయి, తిరిగి బిగించేటప్పుడు 50 అడుగు-పౌండ్ల బలం. బరువు ఒక్కరితో అయ్యేది కాదు, కాబట్టి బండి లాంటి స్టాండు ఒకటి చేసుకోండి లేదా ఇద్దరు మిత్రులకు బిర్యానీ ఆశ పెట్టండి. అసలు కష్టం బెలోస్‌ను దాని అంచు మీదికి లాగి కూర్చోబెట్టడంలో ఉంది. దానికి వేరే పనిముట్టు ఉంటుంది. అది లేకుండా కుస్తీ పట్టి ముడతను ఒక పక్క సరిగా కూర్చోబెట్టలేకపోతే, మీ పడవ రేవులోనే మునగవచ్చు. ఈ ఒక్క పనికి మొదటిసారి డబ్బిచ్చి చేయించి, పక్కన నిలబడి చూడటం తెలివైన పని. విడిభాగాల ఖర్చు కన్నా కూలి చాలా ఎక్కువ ఉంటుంది, అందుకే బెలోస్‌తో పాటు బేరింగు, షిఫ్ట్ కేబుల్, నీటి గొట్టం అన్నీ ఒకేసారి మార్పించండి. మళ్లీ అదే కూలి కట్టడం దండగ. గింబల్ బేరింగుకు గ్రీజు నిపుల్ ఉన్న రకం అయితే బేరింగు రంధ్రం దానికి ఎదురుగా వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఎంత గ్రీజు కొట్టినా బేరింగుకు అందదు. డ్రైవ్ మళ్లీ ఎక్కించేముందు ఇంజను వరుసను అలైన్‌మెంట్ కడ్డీతో సరిచూడటం మాత్రం ఎవరు చేసినా మానకూడదు. ఆ కడ్డీ నునుపుగా జారి కప్లర్‌లోకి వెళ్లాలి. వెళ్లకుండా డ్రైవ్‌ను బలవంతంగా దూర్చితే కొత్త బేరింగు, కప్లర్ పళ్లు రెండూ పాడవుతాయి.

గేర్లు విప్పి సరిచేయడం మాత్రం సొంతంగా వద్దు. గేరు పళ్ల మధ్య సందును వెంట్రుక మందపు రేకులతో సరిచేయాలి. కొలిచే పనిముట్లు, అనుభవం రెండూ లేకపోతే కొత్త గేర్లు కూడా ఒక్క వేసవిలో అరిగిపోతాయి.

కంపెనీ భాగాలా, బయటివా అని కూడా అడుగుతారు. డ్రైవ్‌ను తుప్పు నుంచి కాపాడే యానోడ్లు, ఇంపెల్లర్, సీళ్లు పేరున్న బయటి తయారీవి అయినా నేను వెనకాడను. బెలోస్, షిఫ్ట్ కేబుల్ మాత్రం కంపెనీవే కొంటాను. ఆ రెండింటిలో దేనికి చిల్లు పడినా నీళ్లు వచ్చేది పడవలోకి. ఇంజను స్టార్టర్, ఆల్టర్నేటర్ విషయంలో కారు విడిభాగాల దుకాణానికి అసలు వెళ్లకండి. చూడటానికి ఒకేలా ఉంటాయి, ధర తక్కువ. కానీ పడవ అడుగున పెట్రోలు ఆవిరి నిలుస్తుంది. పడవ భాగాల్లో నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటుంది, కారు వాటిలో ఉండదు. ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్‌ను నాలుగు నిమిషాలు వేసి ఆ తరువాతే తాళం తిప్పమనడం కూడా ఇందుకే.

డ్రైవ్ నిజంగానే పోతే

నూనెలో రేకులు కనిపించాయి, పళ్లు విరిగాయి. అప్పుడు నాలుగు దారులు.

ముందు ఏ సగం పోయిందో చూడండి. ఆల్ఫాలో పై సగం, కింది సగం విడివిడిగా దొరుకుతాయి. మోడు తగిలి కింది గేర్లు పోయి పై భాగం శుభ్రంగా ఉంటే మొత్తం మార్చడం దుబారా. కింది సగం మాత్రమే తెచ్చుకోండి. అయితే కింద విరిగిన రేకులు నూనెతో పాటు పైకీ తిరుగుతాయి. పై భాగాన్ని తెరిచి కడిగించకుండా కొత్త కింది సగం బిగించకండి.

రెండు సగాలూ పోతే పాతదాన్ని గేర్లు, బేరింగులు, సీళ్లు వేసి తిరిగి కట్టించుకోవడం ఒక దారి. మంచి మెకానిక్ దొరికితే మంచి దారే. కానీ ఆల్ఫాకు సామాన్లు, కూలి కలిపి లెక్కవేస్తే తరచుగా ఎస్ఈఐ లాంటి బయటి తయారీ కొత్త డ్రైవ్ ధర దగ్గరికి వెళ్తుంది. ఆ కొత్త డ్రైవ్ వారంటీతో వస్తుంది, మెర్‌క్రూజర్‌ను తయారుచేసే మెర్క్యురీ సొంత డ్రైవ్ ధరలో సగానికన్నా తక్కువ పడుతుంది. ఇరవై ఏళ్ల సరస్సు పడవకు నా ఓటు దానికే. బ్రావోకు లెక్క తిరగబడుతుంది. అక్కడ కొత్తది ఖరీదు కాబట్టి, కవచం పగలకుండా ఉంటే తిరిగి కట్టించడమే లాభం.

విప్పి అమ్మే పాత డ్రైవ్ మూడో దారి. ధర ఊరిస్తుంది. నూనె నా కళ్ల ముందు దించి చూపిస్తే, గాలి నింపి ఒత్తిడి నిలుస్తోందని పరీక్షిస్తే, మంచినీటి సరస్సులో తిరిగిందని తుప్పు లేని స్క్రూలే సాక్ష్యం చెబితే కొంటాను. ఫోటోలు చూసి మాత్రం కొనను.

ఏది తెచ్చినా గేరు నిష్పత్తి సరిపోవాలి. 4.3 లీటర్ల వీ6కు సాధారణంగా 1.81 లేదా 1.84, వీ8లకు అంతకన్నా తక్కువ. ఆల్ఫాలో ఈ తేడా పై భాగంలోని గేర్లతో వస్తుంది. అమ్మేవాడి మాట నమ్మనక్కర లేదు. గేరులో వేసి, ప్రొపెల్లర్ షాఫ్టు పది చుట్లు తిరగడానికి పై షాఫ్టును ఎన్ని చుట్లు తిప్పాలో లెక్కపెట్టండి. పద్దెనిమిది దాటి కాస్త వస్తే 1.81 లేదా 1.84. నిష్పత్తి తప్పితే ఇంజను పూర్తి వేగంలో నిమిషానికి 4400 నుంచి 4800 చుట్లు తిరగవలసింది, ఆయాసపడుతూ కిందే ఆగిపోతుంది లేదా హద్దు దాటి పరుగెడుతుంది.

నాలుగో దారి అందరూ కలలు కనేది: స్టెర్న్ డ్రైవ్ పీకేసి ఔట్‌బోర్డ్, అంటే మొత్తం పడవ బయట వెనుక తగిలించే ఇంజను పెట్టించడం. ఔట్‌బోర్డ్‌కు బెలోస్ లేదు, గింబల్ బేరింగు లేదు. ఉప్పునీటిలో పూర్తిగా పైకి లేపి ఉంచవచ్చు. కిందికి దించి నిలబెడితే చలికాలంలో నీళ్లు వాటంతటవే కారిపోతాయి. కొత్త పడవ కొనేవారికి, గాల్వెస్టన్ లాంటి ఉప్పునీటి తీరంలో తిరిగేవారికి నేనూ అదే చెబుతాను. కానీ ఉన్న పాత పడవను మార్చాలంటే ట్రాన్సమ్ రంధ్రం పూడ్చి, గోడను బలపరిచి, బ్రాకెట్ బిగించి, కొత్త ఇంజను, లివర్లు, గేజీలు కొనాలి. ఇంజను బరువు ఇంకా వెనక్కి జరిగి పడవ తేలే తీరు మారుతుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా. వెనుక ఈత కొట్టడానికి ఉన్న విశాలమైన పలక కూడా పోతుంది. మా పిల్లలైతే ఆ పలక కోసమే పడవ ఎక్కుతారు.

యానోడ్లు, చలికాలం

తుప్పును తమ మీదికి తీసుకునే యానోడ్లలో ఎంపిక తేలికే. మంచినీటి సరస్సుకు మెగ్నీషియం, ఉప్పునీటికీ, ఉప్పునీరూ మంచినీరూ కలిసిన నీటికీ అల్యూమినియం. జింకు ఉప్పునీటికి మాత్రమే, మంచినీటిలో దాని మీద పొర పేరుకుని పని మానేస్తుంది. మెగ్నీషియం వేసిన పడవను ఉప్పునీటికి తీసుకెళ్తే అది చూస్తుండగానే కరిగిపోతుంది. సగం తరిగితే మార్చండి, వాటి మీద పెయింటు వేయకండి. డ్రైవ్‌కు రాగి కలిసిన నాచు మందు అసలే పూయకండి, అల్యూమినియంను తినేస్తుంది.

టెక్సాస్‌లో చలి ఉండదనే ధీమా 2021 ఫిబ్రవరిలో చాలా ఇంజన్లను బలి తీసుకుంది. ఇంజనులో నిలిచిన నీరు గడ్డకట్టి బ్లాకు చిట్లితే డ్రైవ్ ఎంత బాగున్నా లాభం లేదు. బ్లాకుకు రెండు పక్కలా, ఎగ్జాస్ట్ మానిఫోల్డులకు, గొట్టాలకు ఉన్న బిరడాలన్నీ విప్పి నీరు దించండి. తుప్పు పొలుసు అడ్డుపడి నీరు రాకపోవచ్చు, కాబట్టి తీగతో పొడిచి చూడండి. గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయడం ఆ తరువాత. నీరు దించకుండా పైనుంచి పోస్తే రెండూ కలిసి పలుచనై గడ్డకడతాయి. డ్రైవ్‌ను పూర్తిగా కిందికి దించి నిలపండి. అందులోని నీరూ కారిపోతుంది, బెలోస్ ముడతలకూ విశ్రాంతి. ట్రైలర్ మీద వెళ్లేటప్పుడు పైకి ఎత్తి, ఇంటికి రాగానే మరచిపోకుండా దించడం మా ఇంట్లో ఇప్పుడు చెప్పులు విప్పి లోపలికి రావడం లాంటి అలవాటు. సరస్సు వదిలేటప్పుడు పడవలోని నీరంతా తీసేయాలని టెక్సాస్‌లో 2014 నుంచి చట్టం కూడా ఉంది. జీబ్రా మసెల్స్ అనే చిన్న గవ్వపురుగులు ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకకుండా పెట్టినది. నీళ్లలోనే నిలిపి ఉంచే పడవల్లో అవి నీటి దారులనూ మూసేస్తాయి.

ఇంజను గదిలో గేర్ ఆయిల్ సీసా ఒకటి ఉంటుంది. మేము దాని మీద నూనె మట్టానికి మార్కరుతో గీత గీశాం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూస్తాం, వేడికి మట్టం కాస్త పెరుగుతుంది. చల్లగా ఉన్నా గీత కన్నా పైకి వస్తే నీళ్లు లోపలికి వస్తున్నాయి, కిందికి దిగితే నూనె బయటికి పోతోంది. పోయిన ఆదివారం చూస్తే గీతకు అర అంగుళం కింద ఉంది. బెలోస్ లోపల తడి లేదు. ఈ శనివారం ప్రొపెల్లర్ విప్పుతున్నాం. గాలపు దారం చుట్టుకుని ఉంటుందని నా పందెం.